పెండ్లినాటి ఆది

ప్రైవేటు బడిలో పంతులమ్మ శివలీల, కుట్టించిన చుడీదారు చేతికి రాగానే ముందు దాన్ని తిరగేస్తుంది. రంగూ, మెడ డిజైనూ ఆ తర్వాతే. చంక కింద, పక్క కుట్ల వెంబడి బొటనవేలు జరుపుతూ లోపల ఎంత గుడ్డ వదిలారో తడుముతుంది. గుడ్డ ఉంటే ఇంట్లో తనే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. నందికొట్కూరులో ఆమెకు ఏది కుట్టించినా, కొలతకిచ్చే ఆది అత్త హంపమ్మ పెట్టెలోంచే వస్తుంది. అది శివలీల పెండ్లికి కుట్టించిన చుడీదారు. ఇద్దరు పిల్లల్ని కన్నా కోడలు అదే కొలతలో ఉందని నలుగురికీ చెప్పుకోవడం హంపమ్మకు గొప్ప.

ఈసారి అత్తాకోడళ్ళు కలిసే వెళ్ళారు. దర్జీ మున్నీ బీ ఇచ్చిన కొత్త చుడీదారును తిరగేస్తే, కుట్టుకు ఆనించి గుడ్డంతా కత్తిరించేసి ఉంది. "రవ్వంత గుడ్డన్నా ఇడిసిపెట్టలేదే మున్నక్కా?" "మీ అత్తే ఇడవద్దనె తల్లీ. ఇంటికి పోయి కుట్లు ఇప్పుకుంటాండావంట గదా!" శివలీల తొడుక్కుని చూసింది. చెయ్యి భుజం దాటి లేవలేదు. "బోర్డు మీద రాయల్ల గదత్తా, చెయ్యెత్తల్ల." "కింద రాస్తే పిల్లోల్లు చదవరా ఏమి?" అని హంపమ్మ మురిపెంగా నవ్వింది. "చూడు మున్నీ, ఇంకా పెండ్లికూతురు మాదిరే ఉండాది." శివలీల కూడా నవ్వింది. సోమవారం బడిలో తేదీని బోర్డు నడిమధ్యన వేసి, అక్కడినుంచి కిందికి పాఠం రాసింది.