యెరికో గోడలు బ్యాండూ, నేను తాగని కల్లూ

తాగి బ్యాండును పాడుచేసుకున్నవాళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. చుక్క ముట్టకుండా, ఉత్తినే తాగానని చెప్పి బ్యాండును సర్వనాశనం చేసినవాడు మాత్రం నాకు తెలిసి ఈ భూమ్మీద ఒక్కడే. వాడే ఇప్పుడు మీకు ఈ ముక్కలు రాస్తున్నాడు. మొహమాటపడకుండా నవ్వండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వలేదు, ఆమె వంతు కూడా మీరే నవ్వేయండి.

తొంభైల నాటి మాట. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసేవాణ్ణి. వారమంతా మాత్రల డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దడం, ఆదివారం తెల్లచొక్కా వేసుకొని చర్చిలో ముందు వరసలో కూర్చోవడం, ఇదీ నా జీవితం. మా చర్చిలో సంగీతమంటే ఒక హార్మోనియం, ఒక తబలా, అమ్మలక్కల చప్పట్లు. అలాంటి నా ప్రశాంత జీవితంలోకి ఒక క్యాసెట్టు వచ్చి పడింది.

మా కంపెనీలో మిషన్లు బిగించడానికి వచ్చిన కేరళ ఇంజనీరు ఒకాయన వెళ్తూ వెళ్తూ ఇచ్చిపోయాడు. ఎవరో విదేశీ భక్తులు పాడిన పాటలట. భక్తులని ఆయన చెప్పాడు కాబట్టి నమ్మాను గానీ, వింటే మాత్రం నలుగురు కుర్రాళ్ళు రేకుల షెడ్డుతో కుస్తీ పడుతున్నట్టు ఉంది. మధ్యమధ్య ‘జీసస్’ అని వినపడేది. దాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారని కూడా ఆయనే చెప్పాడు. విన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. దేవుడు నన్నే పిలుస్తున్నాడని ఖాయం చేసుకున్నాను. పిలిచింది నన్నేనా, నా వెనకున్నవాణ్ణా అని ఒక్కసారి తిరిగి చూసుకున్నా ఈ గొడవంతా తప్పేది.

పాత గిటారు ఒకటి సంపాదించాను. లావు తీగల గిటారు, అంటే బేసు, మా పాస్టరు అయ్యగారి అబ్బాయి జోసెఫ్‌కి అంటగట్టాను. అలా చేస్తే చర్చి వెనకున్న షెడ్డు మాకు దక్కుతుందని నా తెలివి, దక్కింది కూడా. ఇక డ్రమ్ములకు పక్క ఊరు ఇంద్రేశం నుంచి నర్సింలు. పక్క కంపెనీలో ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. వాళ్ళ ఊళ్ళో వాడు డప్పు కొడితే కాలు కదపనివాడు లేడు. హైదరాబాదులో ఏదో పెద్ద చర్చివాళ్ళు కొత్త డ్రమ్ములు కొనుక్కొని పాతవి మాకు పంపించారు. వాటిని చూసినప్పటి నుంచి నర్సింలుకి ప్రెస్సు మిషన్ కూడా తాళం వేస్తున్నట్టే వినపడేదట.

“నేను మీ చర్చోణ్ణి గాదు గదరా, కొట్టనిస్తరా?” అని అడిగాడు.

“మా దేవునికి ఏం ఫరక్ పడదురా. మరి మీ మైసమ్మ?”

“ఒకమాట చెప్పి అచ్చిన.”

“ఏమన్నది?”

“ఏమనలే. అంటే ఒప్పుకున్నట్టే గదా!”

బ్యాండుకి యెరికో గోడలు అని పేరు పెట్టాను. బైబిల్లో జనమంతా బూరలూది కేకలు పెడితే యెరికో పట్టణపు గోడలు కూలిపోతాయి. మా పాట కూడా అంత గొప్పదని నా ఉద్దేశం. గోడలు కూలేమాట దేవుడెరుగు, షెడ్డులో కాపురమున్న పావురాలు మాత్రం మొదటి వారంలోనే ఇల్లు ఖాళీ చేశాయి.

“ఆల్టర్నేటివ్ అంటే ఏందిరా?” అని అయ్యగారు అడిగారు. “ఆదివారమిడిసి ఆదివారం వాయిస్తరా?”

“గట్ల కాదయ్యగారూ, కొత్త తీరు సంగీతం.”

“ఏదన్న గానీ బిడ్డా, దేవదానం పెద్దయ్య ఒప్పుకోవాలె గద.”

అసలు గోడ ఆయనే. దేవదానం పెద్దయ్య మా సంఘ పెద్ద. హార్మోనియం కూడా ఆయనదే. మనిషి మంచివాడు, కానీ గిటారంటే చాలు, సీసా చూసినట్టు మొహం తిప్పుకునేవాడు. “గిటారు వట్టినోడు ఇయ్యాల్ల గాకుంటె రేపన్న కల్లు దుకాణంల తేల్తడు. నా మాట రాసిపెట్టుకోండ్రి!” అనేవాడు.

“మా పిలగాండ్లు బంగారమయ్యా, ఛాయ్ గూడ ముట్టరు,” అని అయ్యగారు మా కోసం బతిమాలారు. బతిమాలగా బతిమాలగా పెద్దయ్య ఒక షరతు పెట్టాడు. జోగిపేటలో ఏటా ఉజ్జీవ సభలు, అంటే చల్లారిన భక్తిని మళ్ళీ రాజేసే కూటాలు, జరుగుతాయి, చుట్టుపక్కల సంఘాల పెద్దలంతా వస్తారు. అక్కడ మేము ఒక్క పాట పాడాలి. మా నడతను ఎవరూ వేలెత్తి చూపకపోతే ఇక ప్రతి ఆదివారం మా చర్చిలో మాదే సంగీతం. “ఒక్క మాట వచ్చిందా, డ్రమ్ములు వాపస్!” అన్నాడు. డ్రమ్ములు పోతే నర్సింలు పోయినట్టే, నర్సింలు పోతే బ్యాండే లేదు. తీగలు బిగించగానే పండగ కాదని అప్పుడు అర్థమైంది.

నెలల తరబడి సాధన చేశాం. పాట తయారైంది. అంతా బాగానే ఉంది. కానీ మా సభల్లో ఒక ఆనవాయితీ ఉంది, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కొత్తవాడెవడైనా పాట పాడేముందు సాక్ష్యం చెప్పాలి. అంటే, తాను ఎలాంటి పాడు బతుకు బతికాడో, దేవుడు ఎలా మార్చాడో నలుగురి ముందూ చెప్పుకోవాలి. సాక్ష్యం లేని పాట ఉప్పులేని పప్పు.

నా కష్టమల్లా ఇక్కడే. చెప్పుకోవడానికి నా దగ్గర పాపమే లేదు! పుట్టింది చర్చి పక్కన, పెరిగింది సండే స్కూల్లో. దేవుడు నన్ను దేన్నుంచి రక్షించాడంటే ఏం చెప్పను? అదే మా సంఘంలో ఒక లారీ డ్రైవరు మామ ఉండేవాడు. ఆయన తన తాగుడు, తన్నులాటల గురించి సాక్ష్యం మొదలుపెడితే వెనక వరసలవాళ్ళు ముందుకు జరిగేవారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవారు. ఆయన్ని చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి. పాపిని చూసి కుళ్ళుకున్న భక్తుణ్ణి మీరు ఎక్కడైనా చూశారా?

జోగిపేటలో శామియానా కిందకి అడుగుపెట్టేసరికి సాయంత్రమైంది. జనం కిక్కిరిసి ఉన్నారు. మా చర్చి ఆడవాళ్ళతో కలిసి మా అమ్మ కూడా బస్సెక్కి వచ్చింది. ముందు వరసలో దేవదానం పెద్దయ్య చేతులు కట్టుకొని కూర్చున్నాడు.

“సాక్ష్యం ఏం జెప్తవురా?” అని నర్సింలు డ్రమ్ముల వెనక నుంచి గుసగుసగా అడిగాడు.

“జెర సబర్ వట్టు, సూస్తవ్ గదా!” అన్నాను. నేనేం చెబుతానో నాకే తెలియదు.

మైకు పట్టుకున్నాను. “నేను చిన్నప్పటి సంది చర్చిల పెరిగిన,” అన్నాను. ఎవరో ఆవులించారు. “సండే స్కూల్ల వాక్యాలు కంఠస్థం చేసిన,” అన్నాను. ముందు కూర్చున్న ముసలాయన కర్ర పట్టుకొని లేచి బయటికి నడిచాడు. ఆయన వెంట ఇంకో ఇద్దరు లేచారు. వాళ్ళ వీపులు చూసేసరికి నాలోని రాక్ గాయకుడికి రోషం వచ్చింది.

“కానీ మీకు నా అసలు సంగతి తెల్వదు! నేను పెద్ద పాపిని!” అని అరిచాను.

ముసలాయన ఆగి వెనక్కి తిరిగాడు. సభ మొత్తం నిటారుగా కూర్చుంది. ఆ చూపుల్లో ఏం మహిమ ఉందో, నాలుక నా చెయ్యి దాటిపోయింది.

“తాగెటోణ్ణి!”

“స్తోత్రం!” అంది సభ.

“కల్లా బిడ్డా, సారానా?” అని ముసలాయన కూర్చుంటూ అడిగాడు.

“రెండూ!”

“హల్లెలూయా! యాడ తాగినవ్?”

“ఇంద్రేశం కల్లు కాంపౌండ్ల!” నాకు తెలిసిన తాగేచోటు అదొక్కటే. అది కూడా నర్సింలు చెప్పగా విన్నదే.

“పత్తాలాట గూడనా?” అని ఒకావిడ పేకముక్కలు పంచినట్టు చెయ్యి తిప్పుతూ ఆశగా అడిగింది. ఆమెను నిరాశపరచడానికి మనసొప్పలేదు.

“పత్తాలు, గంజాయి, అన్నీ!”

జనం చప్పట్లు కొడుతున్నారు. కళ్ళు ఒత్తుకుంటున్నారు. లారీ మామ కూడా నోరు తెరుచుకొని చూస్తున్నాడు. అక్కడితో ఆపి ఉంటే ఎలాగో ఒకలా గట్టెక్కేవాణ్ణేమో. కానీ కళాకారుణ్ణి కదా, ముక్తాయింపు లేకుండా ఎలా దిగుతాను? గిటారు పైకెత్తి చూపిస్తూ అన్నాను: “ఈ గిటారు వట్టుకున్నంకనే నేను గిట్ల ఖరాబైన!”

దేవదానం పెద్దయ్య మొహం చూశాను. కోపమేమీ లేదు. ధాన్యం ఇంటికి చేరిన రైతు మొహంలా కళకళలాడుతోంది. ఆయన పక్కన అయ్యగారు తల పట్టుకొని కూర్చున్నారు. ఛాయ్ కూడా ముట్టరని నా తరఫున మాటిచ్చిన మనిషి. నేనేం చేశానో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

ఈలోగా ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. మా అమ్మది.

“ఓరి సచ్చినోడా! ఎప్పుడు తాగినవ్‌రా? పొద్దూకంగనే బువ్వ తిని పండుకుంటవ్ గదరా!”

“ఊకో అక్కా, పిలగాడు మారిండు గదా,” అని పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఏం మారుడు? దగ్గు మందు పోస్తెనే గిలాస వట్టుకొని ఏడుస్తడు వీడు! వీడు సారా తాగుతడా?”

“పాపం, తల్లికేం తెలుస్తది,” అని ఇంకొకావిడ జాలిపడింది. దాంతో అమ్మకి ఒళ్ళు మండిపోయింది. “నాకు తెల్వదా? గా డ్రమ్ములు కొట్టే పిలగాణ్ణి అడగుండ్రి! వీళ్ళిద్దరు ఒక్క కంచంల తింటరు!” అంది.

జనమంతా నర్సింలు వైపు తిరిగారు. వాడు నా వైపు తిరిగాడు. నేను కన్ను గీటాను. ‘అవునని చెప్పరా’ అని నా భావం. ‘ప్రాణం పోయినా నిజమే చెప్పు’ అని వాడికి అర్థమైంది.

వాడు లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకొని, ఉజ్జీవ సభ నడిబొడ్డున గట్టిగా అన్నాడు: “మా మైసమ్మ మీదొట్టు సార్! వీడు కల్లు వాసనకే కక్కుతడు. బోనాలకు మా ఇంటికొస్తే ముంత సూసి గోడ దుంకి ఉరికిండు. వీనంత మంచోడు మా ఊళ్ళ గూడ లేడు!”

జోగిపేట సభ చరిత్రలో మైసమ్మ పేరు మోగడం అదే మొదలు. నవ్వాలో ప్రార్థన చెయ్యాలో తెలియక జనమంతా దగ్గారు.

దేవదానం పెద్దయ్య నింపాదిగా వేదిక ఎక్కి నా పక్కన నిలబడ్డాడు. “గిప్పుడు చెప్పు బిడ్డా. తాగినవా, తాగలేదా?”

తాగానంటే గిటారు పట్టి చెడిపోయినవాణ్ణి. తాగలేదంటే దేవుని వేదిక మీద అబద్ధసాక్ష్యం చెప్పినవాణ్ణి. పది ఆజ్ఞల్లో తాగుడు గురించి ఒక్క ముక్క లేదు గానీ అబద్ధసాక్ష్యానికి ఒక ఆజ్ఞ మొత్తం కేటాయించారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో దేవదానం పెద్దయ్య.

“జెర... తాగుదామనుకున్న,” అన్నాను.

శామియానా గుంజలు ఊగేలా నవ్వారు జనం. పాటైనా పాడి పరువు దక్కించుకుందామని గిటారు మీద చెయ్యి వేశాను. కిందున్న మైకుసెట్టు అతను తల అడ్డంగా ఊపాడు. “పెద్దలు బంద్ జెయ్యమన్నరన్నా.” అలా యెరికో గోడలు బ్యాండు ఒక్క పాట కూడా పాడకుండానే చరిత్రలో కలిసిపోయింది.

ఆ వారమే డ్రమ్ములు వాపస్ పోయాయి. వ్యాను ఎక్కిస్తుంటే నర్సింలు పెద్ద డ్రమ్ము మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత తనే దాన్ని ఎత్తి లోపల పెట్టాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వాడు తర్వాత సంగారెడ్డిలో పెళ్ళి ఊరేగింపుల బ్యాండులో చేరి మంచి పేరు తెచ్చుకున్నాడు, అయినా ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పెద్దలు నాకు వేసిన శిక్ష ఏమిటంటే, మరుసటి ఏడు అదే జోగిపేటలో, అదే జనం ముందు, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. వేదిక ఎక్కాను. గిటారు లేదు, బ్యాండు లేదు. కుళ్ళుకున్న సంగతి, కోసిన కోతలు, అమ్మ తిట్లు, నర్సింలు ఒట్టు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే జనం పొట్టలు పట్టుకొని నవ్వారు, చివర్లో నర్సింలు సంగతి చెప్పేసరికి కళ్ళు తుడుచుకున్నారు. దిగగానే దేవదానం పెద్దయ్య నన్ను కౌగిలించుకొని, “గిదిరా బిడ్డా, సాక్ష్యమంటే గిట్లుండాలె!” అన్నాడు.

ఇక చూడండి, జహీరాబాదు నుంచి పిలుపు, మెదక్ నుంచి పిలుపు, నర్సాపూర్ నుంచి పిలుపు. నా ప్రాణం లేచొచ్చింది. నర్సాపూర్ పాస్టరు గారిని ఉత్సాహంగా అడిగాను.

“అయ్యగారూ, గిటారు తెమ్మంటరా? ఒక్క పాటన్న పాడుత.”

“పాటెందుకు బాబూ, పాటలు మాకు మస్తుగున్నయ్. నీ పాపమొక్కటి తీస్కొని రా, సాలు!”

అందుకే పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, మా అమ్మ మీద, అవసరమైతే మైసమ్మ మీద కూడా ఒట్టేసి చెబుతున్నాను: చేయని పాపం ఈ జన్మలో మళ్ళీ ఒప్పుకోను. ఒప్పుకోక తప్పని పరిస్థితే వస్తే, ముందు శ్రద్ధగా చేసి, ఆ తర్వాతే ఒప్పుకుంటాను.