ప్రేమ మాటెత్తితే కొట్లాటే

మా బాబాయి దగ్గర ప్రేమ అనే మాట ఎత్తకూడదు. ఎత్తారా, ఆ పూట పాడైనట్టే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"ప్రేమా? ఎక్కడుంది, చూపించు!" అని కాలేజీలో జీవశాస్త్రం చెప్పే గొంతుతో గదమాయిస్తాడు. "అది మెదడులో ఊరే రసం. పిల్లలు పుట్టి బతకాలని ప్రకృతి వేసిన ఎర."

నా పెళ్లిలో పాస్టరుగారు ప్రేమ గురించి చెబుతుంటే, ముందు వరసలోంచి లేచి మరీ ఈ ముక్క అన్నాడు. సిగ్గుతో చచ్చాను. పిన్ని చొక్కా పట్టుకు లాగింది.

"కూర్చోండి, పరువు తీయకండి."

"నీ మీదున్నది కూడా రసమేనే!"

"అది ఎప్పుడో ఇంకిపోయిందిలెండి, కూర్చోండి."

ఆ పాస్టరుగారు బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. "ప్రేమంటే దేవుడేరా! మనకి అర్హత ఉందా లేదా అని చూడకుండా ఇచ్చేది" అని ఆయన, "నిరూపించు" అని ఈయన, ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద గొంతులు చించుకునేవారు.

అలాంటిది, పాస్టరుగారి భార్య పోయింది. ఆయన మంచం దిగలేదు, ముద్ద ముట్టలేదు. సంఘమంతా వచ్చి ఓదార్చింది. తెచ్చిన కారియర్లు తెచ్చినట్టే తిరిగి వెళ్లాయి. ఇలాగైతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు.

"అక్కడ నోరు అదుపులో పెట్టుకో బాబాయ్" అని దారంతా బతిమాలి తీసుకెళ్లాను. సరేనన్నాడు. గదిలో అడుగుపెట్టాడో లేదో మొదలుపెట్టాడు.

"ఏమిట్రా ఈ ఏడుపు? అలవాటైన రసం అందక నీ మెదడు గోల పెడుతోంది. కొన్నాళ్లకి అదే సర్దుకుంటుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దవాడు కాకపోతే చెంప పగలగొట్టేవాణ్ణి.

పాస్టరుగారు దిగ్గున లేచి కూర్చున్నారు. "రసమా? మనిషే పోయింది కదరా! ఇంక ఎవరికి ఎర? మరి నాలో ప్రేమ ఎందుకు మిగిలింది?"

"పాత అలవాటు."

"శత్రువుని కూడా ప్రేమించమన్నాడు నా ప్రభువు. అది ఏ రసంరా?"

"శత్రువంటే నేనున్నాగా. ప్రేమించు, చూద్దాం."

"ప్రేమిస్తున్నాను కాబట్టే ఇంకా తన్నలేదు!"

అరిచి అరిచి ఆయన గొంతు పూడుకుపోయింది. మంచం పక్కన ముట్టకుండా ఉన్న అన్నం కంచం బాబాయి ముందుకు తోశాడు. "తిని మాట్లాడు. వినపడి చావట్లేదు."

పాస్టరుగారు వేలు ఆడిస్తూ, మధ్యమధ్య తిడుతూ, ముద్ద మీద ముద్ద మింగి కంచం ఖాళీ చేశారు.

వీధిలోకి రాగానే నిలదీశాను. "కావాలనే చేశావా?"

"ఓదారిస్తే ఏడుస్తాడు. తిడితే తింటాడు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే."

"ఇది ఏ సైన్సులో ఉంది బాబాయ్?"

"ఎందులోనూ లేదు. నడువు!" అని కసిరాడు.

పైన కిటికీ ధడాలున తెరుచుకుంది. "ఒరేయ్, నీ సంగతి ఇంకా తేలలేదు! రేపు ఎప్పుడొస్తావ్?"

"నా ఇష్టం!"

"భోజనం వేళకి రా, చెప్తా నీ పని!"