ఫోటో కింద పేరు

చాలా ఏళ్ల కిందట వరంగల్‌లో డోర్నకల్ ప్యాసింజర్ ఎక్కి, మర్నాడు చెప్పాల్సిన క్లాసు కోసం అమెరికా చరిత్ర పుస్తకం తెరిచాను. నూరేళ్లు దాటిన న్యూయార్క్ ఫోటో. వలస వచ్చిన కూలీలు ఏడుగురు, కిటికీ లేని గదిలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

పక్కనున్న నడివయసు మనిషి పుస్తకంలోకి వంగాడు. "ఇది భివండే గద సార్?"

అమెరికా అన్నాను. నమ్మలేదు. తానూ తమ్ముడూ బొంబాయి పక్కన భివండీలో మరమగ్గాలు నడుపుతూ ఇలాంటి గదిలోనే ఉన్నారట.

"మాకు కిటికీ ఉండె సార్. ఆ గోడకు ఆనించి ఇంకో అర్ర కట్టి కిరాయికియ్యాలని ఓనరు ఇటుకలతోని మూసేసిండు. గాలాడక తమ్మునికి టీబీ ముదిరింది. మా అర్రలనే పోయిండు." ఫోటో మీద వేలు పెట్టాడు. "ఈళ్ల ఓనరు పేరు రాసిండ్రా ఇందుల?"

"లేదు. ఎవరికీ తెలియదు."

"గట్లనే తప్పించుకుంటరు. జర పెన్నియ్యుండ్రి."

ఫోటో కింద తన ఓనరు పేరు, ఇంటిపేరుతో సహా, వెనక పేజీలో అక్షరాలు ఉబ్బేంత గట్టిగా అదిమి రాశాడు.

"పిల్లలకు గీ పేరు గూడ చెప్పుండ్రి సార్. వాడు సచ్చినంక గూడ తిట్టాలె."

నెక్కొండలో దిగిపోయాడు.

ఏటా క్లాసులో ఆ ఫోటో చూపించి ఆ పేరు పైకి చదువుతాను. ఎక్కడివాడో మాత్రం చెప్పను. నిరుడు ఒకమ్మాయి పరీక్షలో, న్యూయార్క్ కూలీలను గాలాడని గదుల్లో కుక్కి చంపిన యజమానిగా ఆ పేరే రాసింది.

పూర్తి మార్కులు వేశాను.