మింగని కొర్రమీను

మా ఆయన హెర్బర్ట్‌కు అబిడ్స్‌ల, పెద్ద పోస్టాఫీసు పక్క గల్లీల చిన్న దుకాణం ఉండె. రబ్బరు స్టాంపులు, పేరు బోర్డులు చేసెటోడు. మనిషికి దమ్ము రోగం. నాలుగు మెట్లెక్కితే ఆగాలె. అందరు చెప్పంగ చెప్పంగ ఒక మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండుకు చేపమందుకు పోయిండు. బతికున్న చిన్న కొర్రమీను నోట్ల మందు పెట్టి గొంతుల వేస్తరు, గుటుక్కున మింగాలె. అంతసేపు లైన్ల నిలబడ్డ మనిషి, తీరా తన వంతు వచ్చినంక నోరు తెరవలేదు. చేపను నీళ్ళ కవర్ల పట్టుకొని బస్సెక్కి ఇంటికొచ్చిండు.

"అది నా దిక్కే చూసిందే," అన్నడు.

"మరి మందు?"

"బెల్లంల పెట్టిచ్చిన్రు. అది మింగిన."

లోకమంత మింగే చేపను ఈయన సాకిండు. అద్దాల తొట్టి కొన్నడు. కొర్రమీను ఎగిరి బయటికి దుంకుతది, మూత కావాలె. ఎవరో చేయించుకొని తీస్కపోని బోర్డును మూతగ పెట్టి, మీద ఇటుక పెట్టిండు. బోర్డు మీద "వామన్‌రావు, అడ్వకేట్" అని ఉండె. గంతే, చేప పేరు వామన్‌రావు గారు అయ్యింది.

"ఏమండీ వామన్‌రావు గారూ, ఇయ్యాల కోర్టు లేదా?" అని పొద్దుగాల మందు పీల్చుకుంట అడిగెటోడు. కొర్రమీను పైకొచ్చి గాలి గుటకేస్తది. "చూడు, ఇది గూడ నా లెక్కనే ఊపిరికి పాకులాడుతది," అని నవ్వెటోడు.

పోయిన చలికాలం ఆయన పోయిండు. దవాఖానల నన్ను అద్దం తలుపుకు ఇవతల కూసోబెట్టిన్రు. లోపల ఆయన ఎంత కొట్టుకున్నడో, ఎట్ల పోయిండో నేను చూడలేదు. అడిగితే ఎవరు చెప్పలేదు.

ఎండకాలం వచ్చేసరికి చేపకు రోగమొచ్చింది. కడుపు ఉబ్బింది, పొలుసులు నిక్కినయి. గాలి కోసం పైకి రావాలని చూస్తది, సగం దాక వచ్చి కిందికి జారుతది. మళ్ళ లేస్తది, మళ్ళ జారుతది. నీళ్ళు మార్చిన, మందులు పోసిన, ఏం లాభం లేదు. వంట చేస్తుంటే గూడ నా కండ్లు తొట్టి దిక్కే.

"హుస్సేన్‌సాగర్ల వదిలెయ్ వదినా," అన్నడు మా మరిది జాబెజ్.

"రోగంతోని వదిలితే అండ్ల చేపలేం పాపం చేసినయి?"

"మంచిగున్నప్పుడే పులుసు పెట్టమంటి. నువ్వింటివా?"

కింద కిరాయికుండే వసుమతమ్మ, "జీవిని చంపకమ్మా, పాపం. దానంతట అదే పోతది," అన్నది. దానంతట అదే పోవుడంటే ఏందో నాకెరుక. ప్రతి ఒక్కరికి ఒక మాట ఉన్నది. అది బాధ పడకుంట పోయే తొవ్వ మాత్రం ఒక్కరు చెప్పరు.

ఆఖరికి తొట్టి అమ్మిన రాజేందర్ దుకాణానికే పోయిన.

"ఇగ బతకదమ్మా," అన్నడు. "లవంగ నూనె నీళ్ళల్ల గిలక్కొట్టి కొంచెం కొంచెం పొయ్యి. మత్తుకు పోతది. ముట్టినా కదలకుంటైనంక నెత్తి మీద, కండ్ల ఎనక, గట్టిగ ఒక్కటే దెబ్బ. కొర్రమీను మొండి పానం, నిద్రపోతే సచ్చిందనుకోకు. చెయ్యి వణకొద్దు."

పంటి నొప్పికి పెట్టే లవంగ నూనె సీసా కొనుక్కొని ఆటోల ఇంటికొస్తే, జాబెజ్ నవ్వుకుంట ఎదురొచ్చిండు.

"నువ్వు చూడలేవని నేనే తీసేసిన వదినా. బాల్కనీల ఉన్నది. ఇప్పటికి అయిపోయుంటది."

ఎండల నీళ్ళు లేని బకెటు, మీద తువ్వాల. తువ్వాల తీసిన. వామన్‌రావు నోరు తెరిచిండు. మూసిండు. మళ్ళ తెరిచిండు.

"అరే, ఇంక ఉన్నదా!"

"కొర్రమీను జాబెజ్ అది! నీళ్ళు లేకున్నా గాలి పీలుస్తనే ఉంటది. బజార్ల తట్టల పొద్దందాక కొట్టుకునేది ఎన్నడన్న చూసినవా? మీకు కంచంలకు వచ్చినంకనే తెలుసు! నన్నడగాలె గదా? ఒక్కమాట నన్నడగాలె గదా? దవాఖానల గట్లనే, గీడ గట్లనే, అందరు నన్ను ఇవతల పెట్టి చేసుడేనా?"

పెండ్లయి వచ్చినప్పటి సంది నా గొంతు గట్ల లేచుడు జాబెజ్ వినలేదు. తొట్టి నీళ్ళు తెచ్చి బకెట్ల పోసిండు.

నూనె, నీళ్ళు ఒక సీసాల గిలక్కొట్టి కొంచెం పోసిన. లవంగాల ఘాటుకు ఇల్లంత బగారన్నం వాసన. చేప మెల్లగ పక్కకు ఒరిగింది. కొంచెంసేపు ఆగి మళ్ళ పోసిన. తోక నొక్కితే కదలలేదు, కంటి పక్కన ముట్టితే కదలలేదు. తడిగుడ్డ మీద పెట్టి, అల్లం దంచే ఇత్తడి రోకలి తీసుకున్న.

"పట్టుకో."

జాబెజ్ పట్టుకున్నడు గని కండ్లు మూసుకున్నడు. నేను మూసుకోలేదు. ఒక్కటే దెబ్బ. మొప్పల దిక్కు చూసుకుంట కూసున్న. అవి మళ్ళ లేవలేదు.

మల్లెచెట్టున్న పెద్ద కుండీల లోతుగ మట్టి తీసి చేపను పెట్టిన.

"పిల్లులు తవ్వుతయి వదినా," అన్నడు జాబెజ్ మెల్లగ.

తొట్టి మీది బోర్డు తెచ్చి మట్టి మీద పరిచిన, పేరు పైకి ఉండేటట్టు. దాని మీద మా ఆయన పెట్టిన ఇటుకనే పెట్టిన.