మైకమ్మ చెప్పే చెరువు కబుర్లు

బస్‌స్టాండులో చాలా ఏళ్లు మైకు ముందు కూర్చున్న మనిషి కాబట్టి అందరూ ఆమెను మైకమ్మ అనే పిలిచేవాళ్లు. కంచుకంఠం. ఏ బస్సు ఎందుకు ఆలస్యమైందో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఆమె చెబుతుంటే బెంచీల మీద కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. తర్వాత రికార్డు చేసిన గొంతు వచ్చింది. మైకమ్మ ఇంటికి వచ్చేసింది.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. గిన్నెలు తోముతూ కూడా "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటోందని భర్త ఏడిపించేవాడు. ఆయన దర్జీ. వీధి వైపు గదిలోనే కుట్టుమిషను. ఒకరోజు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన అమ్మాయి, లోపల్నుంచి వినబడుతున్న మాటలు విని ఆగిపోయింది.

"ఈ గొంతు నాకు తెలుసండీ! కాలేజీకి వెళ్లినన్నాళ్లూ ఈవిడ చెబితేనే బస్సెక్కాను" అంది.

ఆ అమ్మాయి ఇంజనీరు. ఉపగ్రహాలు పైనుంచి తీసే ఫొటోలను మామూలు జనానికి అందించాలని పెట్టిన చిన్న ఆఫీసులో పని చేస్తోంది. ఏ చెరువులో నీళ్లు తగ్గుతున్నాయో, గడ్డి ఎక్కడ బాగుందో ఆ ఫొటోల్లో తెలుస్తుంది. పైసా కట్టక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఎవరూ చూడటం లేదు. ఫోనులో పటం తెరిస్తే ఎరుపు, పసుపు, పచ్చ మచ్చలు, కింద ఏవో దశాంశాలు. బొమ్మ అర్థం కానివాళ్లకు రోజూ ఫోనులోనే మాటగా వినిపిస్తే ఎలా ఉంటుందని ఆఫీసువాళ్లకు తోచింది. దానికి ఒక గొంతు కావాలి.

"చదవడమేగా? వస్తాను" అంది మైకమ్మ.

మొదటిరోజు చేతికిచ్చిన కాగితంలో, "పచ్చదనం సూచిక సున్నా పాయింటు నాలుగు, గతవారంతో పోలిస్తే స్వల్ప క్షీణత" అని ఉంది. పొల్లు పోకుండా చదివింది. సాయంత్రం ఆ రికార్డింగును అత్తగారికి వినిపించింది. ఆవిడకు మేకలున్నాయి. ఈ వయసులోనూ తనే తోలుకెళ్లి మేపుతుంది.

"బాగా చదివావే. ఏమిటవి, పరీక్ష ఫలితాలా?"

"కాదత్తయ్యా, గుట్ట వెనక గడ్డి గురించి."

"గడ్డి గురించా! అయితే మేకల్ని అటు తోలుకెళ్లొచ్చా, వద్దా? ముందు అది చెప్పు."

మర్నాడు ఆ ప్రశ్నను అలాగే తీసుకెళ్లి ఇంజనీరమ్మ ముందు పెట్టింది. టీలు చల్లారిపోయేదాకా ఇద్దరూ తల గోక్కున్నారు. తోలుకెళ్లమని చెప్పేంత మనకు తెలియదంది ఇంజనీరమ్మ. అయితే చూసింది చూసినట్టు చెబుదామంది మైకమ్మ. చివరికి మాట ఇలా తేలింది: "గుట్ట వెనక గడ్డి పోయిన వారం కంటే పలచబడింది. వాగు పక్కన మాత్రం ఇంకా దట్టంగానే ఉంది." అత్తగారు అది విని కర్ర తీసుకుని వాగు వైపు బయలుదేరింది. మైకమ్మకు ఆ పూట కాలు నేల మీద ఆనలేదు.

వానలు మొదలయ్యాక కొత్త తంటా వచ్చింది. మబ్బు కమ్మితే ఆ ఫొటోల్లో దూదిపింజలు తప్ప నేల కనబడదు. పాత కబురే మళ్లీ వినిపిద్దామన్నారు ఆఫీసులో కొందరు. మైకమ్మ ససేమిరా అంది.

"బస్సు రాకపోతే రాలేదని చెప్పాలి గానీ, నిన్నటి బస్సును ఇవాళ వచ్చిందంటే జనం ఊరుకుంటారా?"

అందుకని, "మబ్బు పట్టింది. మాకేమీ కనబడలేదు. తెరిపి ఇచ్చాక చెబుతాం" అని చెప్పింది. వినేవాళ్లు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగారు.

పేరుతోపాటు కాస్త ధీమా కూడా వచ్చింది. ఒక ఉదయం చెరువు పడమటి వైపు, నీళ్లుండాల్సిన చోట పటం పచ్చగా కనిపించింది. "ఇదేంటో తేల్చుకుని చెబుదాం అక్కా" అని ఇంజనీరమ్మ అంటున్నా వినకుండా, నీళ్లు వెనక్కి పోయాయనీ, నేల తేలి గడ్డి మొలిచిందనీ చెప్పేసింది.

మధ్యాహ్నం చెరువులో పడవ నడిపే పెద్దాయన ఫోను చేశాడు.

"మైకమ్మేనా? నువ్వు చెప్పిన గడ్డి మీదే ఇప్పుడు పడవలో కూర్చున్నాను తల్లీ."

"అదేంటి బాబాయ్?"

"గుర్రపుడెక్క! కింద నిలువులోతు నీళ్లు. మీ అత్తగారు మేకల్ని తోలుకొచ్చి ఒడ్డున నిలబడి నిన్ను తలుచుకుంటోంది."

మైకమ్మ నాలుక్కరుచుకుంది. ఇంజనీరమ్మను వెంటబెట్టుకుని పరుగున చెరువుకు వెళ్లింది. అత్తగారు కోపంగా ఉందేమోనని భయపడింది గానీ, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతోంది.

"నువ్వు పప్పులో కాలేశావు సరే, నా మేకలు చెరువులో కాలేసేవి కదే!"

మేకల్ని చూసుకుంటూ అత్తగారు ఒడ్డునే ఉండిపోయింది; మిగతా ఇద్దర్నీ పెద్దాయన పడవ ఎక్కించాడు. ఆకుల మధ్య పడవ కదలక ఆయన గెడ వేసి నెట్టాల్సి వచ్చింది. నీళ్ల మీద కనుచూపు మేరా పచ్చటి ఆకులు, వాటి మీద లేత ఊదా పూలు. పైనుంచి చూస్తే ఇదీ పచ్చే, గడ్డీ పచ్చే అని ఇంజనీరమ్మ వంగి ఫొటోలు తీసుకుంది. ఆ సాయంత్రం మైకమ్మ తన గొంతుతోనే, "పొద్దున మేం చెప్పింది తప్పు. అది గుర్రపుడెక్క. ఇకమీదట మా మాట తేడాగా అనిపిస్తే వెంటనే ఫోను చేయండి" అని చెప్పింది.

జనం నిజంగానే చేశారు. పెద్దాయనైతే రోజూ చేస్తాడు. ఆయన చెరువు దగ్గర కళ్లారా చూసింది చెబుతాడు, ఈమె గుర్రపుడెక్క ఏ వైపు పలచగా ఉందో చెబుతుంది. పడవకు దారి దొరుకుతోంది.

మొన్న పక్క ఊళ్లవాళ్లు వచ్చి తమ చెరువుల గురించి కూడా చెప్పమని అడిగారు.

"చెబుతాను. ముందొకసారి వచ్చి చూసుకుంటాను" అంది మైకమ్మ.

భర్త మిషను ఆపి, తనూ వస్తానన్నాడు. అత్తగారు మాత్రం, పడవ ఎక్కే పనైతే ముందు సీటు తనదేనని తేల్చి చెప్పింది.