నా సిద్ధాంతగ్రంథంలో లేని పాట

పోయిన మంగళవారం ప్రార్థన గంట కొట్టబోయే ముందు మా హెడ్మిస్ట్రెస్ వరండాలోకి వచ్చి, సైన్సు టీచరు తెల్లవారుజామున దవాఖానాలో కన్నుమూశారని చెప్పారు. నెల రోజులుగా ఆవిడ సెలవులో ఉన్నారు. వరుసల్లో నిలబడ్డ ఆడపిల్లలు ఒక్కసారిగా ఏడ్చేశారు. నాకు ఏడుపు రాలేదు. నేను పోతే వీళ్లలో ఎంతమంది ఏడుస్తారా అని చూస్తూ నిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఈ నాలుగు మాటలు రాయడం దండగ. ఆవిడంటే నాకు ఇరవయ్యేళ్లుగా కడుపుమంట.

మాది తెనాలి వైపు. రాష్ట్రం ఏర్పడ్డాక మావారి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చేసింది. తర్వాత నాకు నాంపల్లిలో ఈ ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పే పని దొరికింది. ఆవిడ అబిడ్స్ వెనక గల్లీలో పుట్టి పెరిగిన మనిషి. చేరిన రోజే నా పక్కన కూర్చుని, "కిరాయి ఇల్లు దొరికిందా అమ్మా? ఫికర్ చెయ్యకు, నేను చూస్త" అన్నారు. మేము ఇవాళ్టికీ ఆవిడ చూపించిన ఇంట్లోనే ఉంటున్నాం.

మొదటి ఏడాది బడి వరండాలో మంచినీళ్ల మట్టి రంజన్లు, పాతదొకటి కొత్తదొకటి పెట్టించి, రోజూ మధ్యాహ్నం థర్మామీటరు ముంచేవారు. పాత రంజన్‌లో నీళ్లు కొత్తదానిలో ఉన్నంత చల్లగా ఉండవని ఆవిడ సిద్ధాంతం. మూడు నెలలు కొలిచారు. ఒకరోజు మొజంజాహీ మార్కెట్ నుంచి బుట్టెడు ద్రాక్ష తెచ్చి స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ పెట్టారు.

"ఏమిటండీ విశేషం?" అన్నాను.

"నా మాట తప్పని తేలింది. రెండిట్ల నీళ్లు ఒక్కతీరుగనే ఉన్నయి. తినుండ్రి!"

పిల్ల పాసైతే మిఠాయి పంచేవాళ్లను చూశాను కానీ, తన మాట తప్పైతే పళ్లు పంచే మనిషిని అప్పుడే చూడటం. అది ఆవిడకు అలవాటట. పైగా మిగతావాళ్లను కూడా వదిలేవారు కాదు. చరిత్ర టీచరును పట్టుకుని, ఏ శాసనం బయటపడితే మీ పాఠం మారుస్తరని అడిగేవారు. వంట నేర్పే టీచరును, పప్పులో ఉప్పు ముందే వేస్తే ఉడకదంటరు, ఎప్పుడన్న వేసి చూసిన్రా అనేవారు. "సైన్సుకొక నిజం, తెలుగుకొక నిజం ఉంటదా అమ్మా? అడిగే తీరు ఒక్కటే" అనేవారు. పిల్లలు నా పద్యం మధ్యలోంచి కిటికీలోంచి తొంగి చూసేది ఆవిడ క్లాసు వైపే.

అప్పట్లో నేను స్త్రీల పాటల మీద పరిశోధన చేస్తున్నాను. పాట లయ పనిలోంచే పుడుతుందని నా సిద్ధాంతం. రోకటిపాట రోకలి దెబ్బలోంచి, తిరగటిపాట తిరగలి చుట్టులోంచి, జోలపాట ఉయ్యాల ఊపులోంచి. నాలుగేళ్లు ఊళ్లు తిరిగి పాటలు పోగుచేశాను. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగారు.

"మంచిగున్నది. ఏ పాట దొరికితే నీ మాట తప్పని ఒప్పుకుంటవ్?"

"అలాంటి పాటే ఉండదండీ."

"గట్లయితే గది సిద్ధాంతం గాదమ్మా, భక్తి."

ఆ రాత్రి ఎమ్మే అయినా లేని మనిషి నాకు పరిశోధన నేర్పడమేమిటని మావారి ముందు ఎగిరాను. నిజంగా మండింది అందుకు కాదు. ఆ ప్రశ్న నాకెందుకు రాలేదని.

ఒక ఆదివారం ఆవిడే నన్ను అఫ్జల్‌గంజ్‌లో మిరపకాయలు దంచే ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. నేను నోట్‌బుక్కు తీసి పాట పాడమంటే వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ చెప్పులు విడిచి, వాళ్ల మధ్య చతికిలబడి, తుమ్ముకుంటూ మిరపతొడిమలు తీయసాగారు. కాసేపటికి ఒక ముసలమ్మ రోకలి ఎత్తి వేస్తూ పాట అందుకుంది. నేను ఉలిక్కిపడ్డాను.

"అవ్వా, ఇది జోలపాట కదా?"

"ఔ బిడ్డా. పిల్ల పండకుంటే గిదే పాడ్త. కారం దంచినా గిదే. ఏంది, ఒక్కో పనికి ఒక్కో పాట యాడికెల్లి తేవాలె?"

మళ్లీ పాడమన్నాను. అదే వరస, అదే నడక. రోకలి దెబ్బ దాని పాటికి అది పడుతోంది, పాట దాని పాటికి అది సాగుతోంది. తిరిగి వస్తుంటే నాకెందుకో నవ్వాగలేదు. "అక్కయ్యా, నా సిద్ధాంతం పోయిందండీ!" అన్నాను నడిరోడ్డు మీద. ఆవిడ నా భుజం చరిచి, "శాబాష్! ఇగ షురువైంది నీ పరిశోధన" అన్నారు. ఆ పది నిమిషాలు నాకు ఆవిడ మీద అసూయ లేదు. నేనే ఆవిడనైపోయినట్టుంది.

ఇల్లు చేరి, టైపు చేయించిన అధ్యాయాలు చూసేసరికి నవ్వు ఎగిరిపోయింది. మళ్లీ మొదటినుంచి రాయాలి. నేను రాయలేదు. ఆ పాట రాసుకున్న కాగితం చించి పడేశాను. పట్టా వచ్చింది, పరీక్షకులు మెచ్చుకున్నారు. ఆవిడకూ ఒక ప్రతి ఇచ్చాను. వారం తర్వాత తిరిగి ఇస్తూ, "అఫ్జల్‌గంజ్ పాట లేదేంది?" అని అడిగారు.

"ఒక్క పాటే కదండీ, ఏం లెక్క?"

"ఒక్కటి చాలు కదమ్మా" అన్నారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు, నాతో మాట్లాడే తీరూ మార్చలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆవిడను ద్వేషించి సుఖపడేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. శవం లేవడానికి ఇంకా టైముంది. గల్లీ నిండా పాత విద్యార్థినులే. అందులో ఒకమ్మాయి జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చింది. నేను పట్టా పుచ్చుకున్న రెండేళ్లకు బడిలో చేరిన పిల్ల. ఇప్పుడు చరిత్రలో పరిశోధన చేస్తోందట.

"మేడం, మీ గురించి సైన్సు టీచర్ ప్రతి సాలు క్లాసుల చెప్తుండె. తెలుగు మేడం ఒక్క పాట దొరికిందని తన సిద్ధాంతమే తప్పని నడిరోడ్డు మీద ఒప్పుకున్నదని. ఏ సబ్జెక్టు చదివినా గట్లుండాలె అని."

ప్రతి సాలు. ప్రతి ఏడాదీ అంటే నా పుస్తకం చదివాక కూడా. నడిరోడ్డు మీద అన్నమాట నిజమే, ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇల్లు చేరాక నేను చేసింది మాత్రం ఒక్క పిల్లకూ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఇంకా మాట్లాడుతోంది. "నా రెండేండ్ల పనికి ఎదురు ఒక్క కాగితం దొరికింది మేడం. దాచుదామనుకున్న. మీరు మతికొచ్చిన్రు. అంతా పక్కన పెట్టి మళ్ల మొదలువెట్టిన."

ఆ పాట నేను చించేశానని చెప్పబోయాను. ఈలోగా ఆ పిల్ల కొంగు నడుముకు చుట్టుకుని, అంతమంది మధ్య వంగి నా పాదాలకు దణ్ణం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.