అయిదో అంతస్తు దర్శనం

తిరుపతిలో పొద్దున్నే కొండకు దండం పెట్టకుండా కాఫీ ముట్టని వాళ్ళు ఇంకా ఉన్నారు. మా అమ్మ వాళ్ళలో ఒకతె. పట్టు పడితే ఉడుం పట్టు. రెండంతస్తుల మా ఇంటి మిద్దె మీదికెక్కి, ఉత్తరం తిరిగి కొండ అంచుకు చేతులెత్తి, కిందికొచ్చి "దర్శనమయింది, కాఫీ పెట్టు" అనాలి. అంతవరకూ చుక్క నీళ్ళు కూడా గొంతు దిగవు. షుగరు మనిషి. కళ్ళకు పొర కమ్మి, గేటు దగ్గర నిలబడ్డ నన్ను కూడా గొంతును బట్టే పోల్చుకుంటుంది. కొండ మాత్రం కనిపిస్తుందట. అంత పెద్దది కదా మరి.

వెనక వీధిలో అపార్టుమెంటు లేచింది. కింద కార్లకు స్తంభాల మధ్య ఖాళీ జాగా, పైన నాలుగంతస్తులు. నాలుగో అంతస్తు లేచాక కూడా కొండ అంచు సన్నగా కనిపిస్తూనే ఉండింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత దాని మీద అయిదో అంతస్తు కూడా లేపారు. అంతే, మా కొండ గోవిందా!

అప్పటినుంచి అమ్మ పరగడుపున వీధి చివరిదాకా నడిచి, మలుపులో నిలబడి కొండను చూసొచ్చేది. ఒక రోజు అక్కడే కళ్ళు తిరిగి పడింది. ఆటో అతను ఎత్తుకొచ్చి గడపలో కూర్చోబెట్టాడు. ఖాళీ కడుపుతో ఇంకోసారి పడితే లేవదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"కొండను సూడకుండా నోట్లో నీళ్ళు పోసుకొమ్మంటావా? నీ సదువు నాకు సెప్పబాకు" అంది అమ్మ.

సరే, అమ్మతో గెలవలేను, ఆఫీసుతోనైనా గెలుద్దామని బిల్డింగులకు పర్మిషన్లిచ్చే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

"వాళ్ళకు పర్మిషన్ నాలుగంతస్తులకే మేడమ్. మా లెక్కలో అయిదోది లేదు" అన్నాడు ఆఫీసరు.

"లేదా? మరి నేను రోజూ చూసేదేంది సార్, దయ్యమా?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని చుట్టాలు నీతులు చెప్పారు. ఎట్లా ఊరుకునేది? పడింది మా అమ్మ కదా! ఆ అంతస్తు తీసెయ్యమని అర్జీ పెట్టి, దాని వెనకాలే తిరిగాను.

అపార్టుమెంటు వాళ్ళు కూడా ఆ అంతస్తు లేనట్టే బతికేవాళ్ళు. లిఫ్టులో నాలుగు దాకే బొత్తాలు. ఆ పైమెట్లకు అడ్డంగా రేకు తలుపు, తాళం. పైన గోడలకు పూత లేదు, కరెంటు లేదు, కిటికీకి చట్రం లేదు. మా వైపు ఒకే ఒక నల్లటి బొక్క. బట్టలారేసేటప్పుడు దానికి వీపు పెట్టాలంటే నాకు మనసొప్పేది కాదు.

ఒక పొద్దున అమ్మ వీధి చివరికి పోలేదు. మిద్దె మీదికి పోయి, వెంటనే దిగొచ్చి, "దర్శనమయింది, కాఫీ పెట్టు" అంది.

"ఏం దర్శనం? ఉండేది గోడే కదా!"

"గోడేంటికి? అమ్మోరు. నేను చేతులెత్తితే తానూ ఎత్తినాది."

మతి పోతోంది ఈమెకు అనుకున్నాను. అమ్మ మాత్రం ఉప్మా అడిగి పెట్టించుకుంది, మాత్ర వేసుకుంది. మర్నాడు నేను వెనకాలే వెళ్ళి నీళ్ళ ట్యాంకు చాటున నిలబడ్డాను. అమ్మ చేతులెత్తింది. ఆ నల్లటి బొక్కలోంచి రెండు చేతులు ఎండలోకి వచ్చాయి. ముఖం లేదు, మనిషి లేదు. ఉత్త చేతులు, జోడించి, మోచేతుల దాకా పసుపుతో, మసక కళ్ళకు కూడా ఆనేంత పచ్చగా. ఓరి దేవుడా!

పోయి అపార్టుమెంటు వాచ్‌మన్‌ను నిలదీశాను. "పైన ఎవరున్నారప్పా?"

"ఆడ ఎవురుంటారక్కా? ఆ మిద్దే లేదు కదా" అన్నాడు. నా వైపు చూడకుండా కారు తుడుస్తూనే ఉన్నాడు.

ఎవరైతేనేం, అమ్మ తింటోంది. మనిషి తేరుకుంది. భయం భయంగానే నేను ఆఫీసుకు పోవడం మానేశాను. నేను మానేసినా నా అర్జీ మానలేదు. కొన్నాళ్ళకు సుత్తులతో, డ్రిల్లులతో ఆఫీసు మనుషులు దిగారు. వాచ్‌మన్ గబగబా రేకు తలుపు తీసి, పైనుంచి ఒక ముసలామెను వీపు మీద మోసుకొచ్చాడు. ఆమె చేతులు చూశాను. మోచేతుల దాకా పసుపు.

"మాయమ్మక్కా" అన్నాడు తల దించుకుని. "కింద మాకు గది ఉండె. పార్కింగులో గదులుండకూడదని రూలు సూపించి, ఇంకో కారు కోసం పడగొట్టినారు. కార్లకు జాగా ఉండాది, మాయమ్మకు లేదు. పైన పెట్టుకున్నా."

"రోజూ దండం పెట్టేది ఎవరికి?"

"తిరుచానూరు అమ్మోరికి. మొక్కు. పసుపు పూసుకోకుండా చేతులెత్తదు. ఆ దిక్కే గదా గుడి."

మా అమ్మ ఉత్తరాన కొండకు, ఆమె దక్షిణాన తిరుచానూరుకు. ఇద్దరూ ఎదురెదురు. ఆ మధ్యాహ్నమే ఆమెను కార్వేటినగరంలో కూతురి దగ్గరికి పంపించేశారు.

శ్లాబుకు బొక్కలు కొట్టి, ఒక మూల గోడలు పడగొట్టి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మూలలోంచి కొండ ముక్క కనిపించింది. నాకు నిజంగానే సంతోషమైంది, దాచడమెందుకు! మర్నాడు అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. అమ్మ చేతులెత్తలేదు.

"కొండ ఉండాది, సరే. అమ్మోరు యాడ?"

ఆమె ఫలానా అని అంతా చెప్పాను. అమ్మ కథ విన్నట్టు విని, "నువ్వే ఏమో సేసినావు. అందుకే పోయినాది" అంది. ఆ రోజు పచ్చి నీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నానికి చెమటలు పట్టి మాట తడబడితే, పళ్ళు విడదీసి చక్కెర నీళ్ళు పోయాల్సి వచ్చింది.

మర్నాడు తెల్లారాక వంటింట్లో డబ్బా తీసి మోచేతుల దాకా పసుపు రాసుకున్నాను. వాచ్‌మన్‌ను తాళం అడిగి, మెట్లెక్కి, విరిగిన ఇటుకలు తొక్కుకుంటూ ఆ బొక్క దగ్గర నిలబడ్డాను. తిరుచానూరు కోసం చూశాను. గుడి లేదు, గోపురం లేదు. దూరంగా అన్నీ అపార్టుమెంట్లే అడ్డం. అక్కడినుంచి కనిపించేది ఒక్కటే, మా మిద్దె. దాని మీద మా అమ్మ. ఆ ముసలామె కూడా ఇన్నాళ్ళూ చూసింది ఇదే.

అమ్మ చేతులెత్తింది. నేను వెనక్కి జరిగి, చీకట్లోంచి చేతులు మాత్రం బయటికి చాపి జోడించాను. ఏడుపు ఆగలేదు, వెక్కిళ్ళు గట్టిగానే బయటపడ్డాయి. ఆగేదాకా అక్కడే ఉండి, ముఖం, చేతులు కింద కుళాయి దగ్గర కడుక్కుని ఇంటికొచ్చాను.

అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. "దర్శనమయింది, కాఫీ పెట్టు" అంది. గ్లాసు చేతికిచ్చాను. ఊదుకుంటూ ఒక గుక్క తాగి, నాతో మెల్లగా అంది.

"ఈ పొద్దు అమ్మోరు ఏడస్తా ఉండాదే, పాపం."